గుమాస్తా నుంచి కార్యదర్శి దాకా – కచేరీ కొలువుల కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు ఇంటికి వచ్చి మరీ పురమాయించారు. ఏం రాయను? నాకు తెలిసిన విద్య నోటు రాయడం ఒక్కటే. 1965లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2000లో పదవీ విరమణ చేసేదాకా రాసింది అదే. ఆయన కాఫీ తాగుతూ, "మా మనవరాలు అడిగింది సార్, గుమాస్తా అన్నా సెక్రటరీ అన్నా ఒకటేనా తాతయ్యా అని. నాకు వెంటనే చెప్పడం రాలేదు" అన్నారు. సరే, ఆ అమ్మాయికి చెప్పినట్టుగానే రాస్తాను. పెద్దలకు తెలిసిన సంగతులే ఎక్కువ. వారు మన్నించి, ఇంట్లో పిల్లలకు చదివి వినిపించవలసిందిగా మనవి.

ఇంగ్లీషు సెక్రటరీ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. రహస్యాన్ని కాపాడేవాడు అని దాని మూలార్థం. మన కార్యదర్శి అంటే పనిని చూసేవాడు. గుమాస్తా పారసీ మాట, నియమింపబడినవాడు అని అర్థం. శిరస్తాదారును చూసి, శిరస్సుకు సంబంధించిన పెద్ద పదవి కాబోలని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అదీ పారసీ 'సరిష్తా' నుంచే వచ్చింది, దస్త్రాలు ఉంచేవాడని అర్థం. ఒకడు రహస్యం దాచాలి, ఒకడు పని చూడాలి, ఒకడు చెప్పింది చెయ్యాలి, ఒకడు కాగితం భద్రపరచాలి. ఈ నాలుగు పనులే రకరకాల పేర్లతో, రకరకాల జీతాలతో కచేరీలను నడిపాయి.

ఇంగ్లీషువాడు వచ్చాకే మనకు రాతకోతల ఉద్యోగాలు వచ్చాయనుకోవడం పొరపాటు. విజయనగర రాజుల కాలంలో రాయసం అనే కొలువు ఉండేది. రాజుగారి మాటను లేఖగా మార్చడం వారి పని. శ్రీకృష్ణదేవరాయల కొలువులో రాయసం కొండమరుసయ్య అనే ఆయన ఎంత పెద్ద అధికారం నడిపాడో చరిత్ర చదివినవారికి తెలుసు. రాయసం అనే ఇంటిపేరు ఈనాటికీ మనలో ఉంది. లెక్కలు రాసేవారిని సంప్రతులన్నారు, గ్రామంలో కరణాలన్నారు.

కంపెనీ రోజుల్లో వీటికి తోడు మరో కొలువు పుట్టింది, దుబాషీ. రెండు భాషలవాడు. దొరకు తెలుగు రాదు, రైతుకు ఇంగ్లీషు రాదు, మధ్యన ఉన్నవాడి నాలుక మీదే న్యాయం ఆధారపడేది. ఒంగోలులో 1784లో పుట్టిన వెన్నెలకంటి సుబ్బారావుగారు ఇంగ్లీషు నేర్చి, 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదరు అదాలతులో అనువాదకుడిగా, దుబాషీగా పనిచేశారు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న స్వీయచరిత్ర 1873లో అచ్చయింది. తెలుగువారి తొలి ఆత్మకథల్లో దాన్ని ఒకటిగా లెక్కిస్తారు. మన వృత్తివాడు ఒకడు అంత ముందే తన కథ తాను రాసుకున్నాడన్నది మనం గర్వంగా చెప్పుకోవచ్చు. ఏలూరు నుంచి వెళ్ళిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య కల్నల్ మెకంజీ దగ్గర ఇంతకంటే పెద్ద పనే చేశారు. ఊరూరా తిరిగి, తిప్పించి, కైఫీయతులు రాయించి పోగుచేశారు. దొర పేరు నిలిచింది. రాసిన చేతుల్లో చాలావాటి పేర్లు మిగలలేదు. గుమాస్తాగిరీలో ఇది మొదటినుంచీ ఉన్నదే.

ఇక నేను ఎరిగిన కచేరీకి వస్తాను.

నేను చేరేనాటికి ఆంధ్ర జిల్లాల్లో పాత మద్రాసు పద్ధతి నడుస్తూండేది. జిల్లా కచేరీలో కలెక్టరు తర్వాత చెప్పుకోదగిన మనిషి హుజూరు శిరస్తాదారు. కలెక్టర్లు వస్తారు, పోతారు, ఆయన మాత్రం ఉంటాడు. తాలూకాలో హెడ్ గుమాస్తా. కోర్టుల్లో శిరస్తాదారు, నాజరు, అమీనా, బెంచి గుమాస్తా, కాపీయిస్టు. తెలంగాణ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దలు వేరే భాష మాట్లాడేవారు. వారికి ఫైలు మిసల్, గుమాస్తా అహల్కార్, సెక్షను పెద్ద ముంతజిం, అధికారి ముందు కాగితాలు పెట్టి ఆజ్ఞ రాయించుకునేవాడు పేష్కార్. నిజాం కాలంలో ఉర్దూలో నడిచిన దఫ్తరు అది. 1953 అక్టోబరు 1న కర్నూలులో డేరాల కింద మొదలైన ఆంధ్ర రాష్ట్ర సచివాలయం 1956 నవంబరు 1 నుంచి హైదరాబాదుకు చేరాక, ఈ రెండు పద్ధతులవారూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. మొదట్లో ఒకరి నోటు ఒకరికి అర్థమయ్యేది కాదని ఆ రోజులు చూసిన మా సూపరింటెండెంటుగారు నవ్వుతూ చెప్పేవారు. ఆయన అంత తేలిగ్గా నవ్వేసినా, నలభై ఏళ్ళు వచ్చాక కొత్త భాషలో నోటు నేర్చుకోవలసి వచ్చినవాడి అవస్థ చిన్నదేమీ కాదు.

మద్రాసు పద్ధతికి టాటెన్‌హామ్ విధానం అని పేరు. ఆ పేరుగల ఐ.సి.ఎస్. అధికారి తయారుచేసిన ఏర్పాటు అది. మనమంతా తిట్టుకుంటూ దాంట్లోనే బతికాం. వచ్చిన ప్రతి కాగితానికీ 'కరెంటు' అని పేరు. (మా కోడలు మొదట్లో, "మావయ్యగారూ, మీ ఆఫీసులో కరెంటు పెండింగు ఏమిటండీ, బిల్లు కట్టలేదా?" అని అడిగింది.) తపాలు విప్పేవాడు ఒకడు. దానికి నంబరు వేసి పంపిణీ రిజిస్టరులో ఎక్కించేవాడు ఒకడు. సీటు గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో, అంటే పి.ఆర్.లో రాసుకోవాలి. ఎవరినుంచి వచ్చింది, ఏ విషయం, ఏం చేశాం, ఎప్పుడు చేశాం అన్నీ అందులో ఉండాలి. నిర్ణీత రోజున ఆ పి.ఆర్.ను సూపరింటెండెంటు ముందు పెట్టాలి. ఆ రోజు మా మొహాలు పరీక్ష రాసే పిల్లల మొహాల్లా ఉండేవి.

సీటు గుమాస్తా అసలు పని నోటు. కాగితం సారాంశం, పాత కాగితాలు, వర్తించే నిబంధన, చివరికి ఏం చెయ్యవచ్చో ఒక సూచన. సంతకం అధికారిది, చదివి ఆలోచించినవాడు గుమాస్తా. సెక్రటేరియట్‌లో అయినా అంతే. అసిస్టెంటు నోటు మొదలుపెడతాడు, సెక్షను ఆఫీసరు సరిచూస్తాడు, అక్కడినుంచి మెట్టుమెట్టుగా సెక్రటరీ దాకా, మంత్రి దాకా పోతుంది. జీవో కింద 'గవర్నరు ఉత్తర్వు మేరకు, వారి పేరిట' అని రాసి సెక్రటరీ సంతకం చేయడం రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం వచ్చిన పద్ధతి. జీవోల మీద ఉండే ఎం.ఎస్., ఆర్.టి. అనే అక్షరాలేమిటో ముప్ఫై ఏళ్ళ సర్వీసు చేసి కూడా తెలియనివారు నాకు తగిలారు. మొదటిది మాన్యుస్క్రిప్టు, రెండవది రొటీను.

నోటు ఆమోదం పొందాక చిత్తుప్రతి, ఆ తర్వాత శుద్ధప్రతి. ఇక్కడ టైపిస్టు రంగంలోకి వస్తాడు. మా మొదటి ఆఫీసులో నలుగురు టైపిస్టుల్లో ఒక్కరే స్త్రీ. ఆవిడ పేరు రాయను గాని, అక్కయ్యగారు అనేవాళ్ళం. 1874 ప్రాంతంలో రెమింగ్టన్ కంపెనీ టైపు మిషను అమ్మకానికి పెట్టినప్పుడు, దూరాన ఎక్కడో గోదావరి జిల్లాల్లో ఒక ఆడపిల్ల ఆ మీటల మీద కుటుంబాన్ని పోషిస్తుందని వారు అనుకొని ఉండరు. టైపిస్టు పని చూసి కొట్టడమే కదా అని చులకనగా మాట్లాడేవారిని చూశాను. అక్కయ్యగారు చిత్తులో తేదీ తప్పు ఉంటే కొట్టకుండా తెచ్చి బల్లమీద పెట్టేవారు. నాలుగో కార్బను కాపీ కూడా చదవడానికి వీలుగా ఉండాలని గట్టిగా మీటలు కొట్టేవారు. సాయంత్రానికి వేళ్ళు వాచేవి. కొట్టిన కాగితాన్ని ఒకరు పైకి చదివితే మరొకరు చిత్తుతో సరిచూసి పొడి సంతకం చేయాలి. దాన్ని కంపేరింగ్ అనేవాళ్ళం. సాయంత్రం ఐదున్నరకు అది ఎవరికీ ఇష్టముండదు.

స్టెనో సంగతి వేరు. 1837లో పిట్‌మన్ కనిపెట్టిన గీతల విద్య పట్టుకొని, నిమిషానికి 80 మాటలు లోయరు, 120 మాటలు హయ్యరు పాసై వచ్చినవాళ్ళు కచేరీలో కాస్త కాలరెగరేసి తిరిగేవారు. వారికీ ఓ న్యాయం ఉంది. అధికారి నోట ఏ మాట వచ్చినా మొదట వినేది వారే. రేపు ఎవరికి బదిలీయో, ఎవరి మీద ఛార్జిషీటో వారికి తెలుసు. అయినా బయటపడకూడదు. సెక్రటరీ అన్న మాటకు పాత అర్థం ఎవరికైనా సరిగ్గా అతికిందంటే స్టెనోకే. క్యాంపు గుమాస్తా మరీ పాపం. అధికారి జీపు వెనక సీట్లో ఫైళ్ళ పెట్టెతోపాటు ఊళ్ళు తిరిగి, రాత్రి ట్రావెలర్స్ బంగళాలో లాంతరు వెలుగులో రేపటి కాగితాలు సర్దేవాడు. ఇంట్లో పిల్లల పెరుగుదల సెలవుల్లో మాత్రమే చూశానని ఒక క్యాంపు గుమాస్తా మిత్రుడు నాతో అన్నాడు.

అందరికంటే చివర, చీకటి గదిలో, రికార్డు కీపరు. ఇప్పుడు చెప్పబోయేది అతని వల్లే చెప్పగలుగుతున్నాను.

పని ముగిసిన ఫైలుకు ముగింపు గుర్తు వేయాలి. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది. డి.డిస్. అంటే పదేళ్ళు ఉంచి తగలబెట్టవలసినది. ఎల్.డిస్. అంటే కొద్దికాలం చాలునన్నది. ఎన్.డిస్. అంటే వచ్చిన కాగితాన్నే తిప్పి పంపేది. ఏ అక్షరం వెయ్యాలో సీటు గుమాస్తా సూచిస్తాడు, పైవాడు ఊఁ అంటాడు. రోజుకు పదిహేను వేస్తాం. దాని గురించి ఎవరూ నిద్ర మానుకోరు.

1967లో నేను ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో ఉన్నాను. ఆఫీసు పేరు ఎందుకులెండి. మా డివిజను ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. 1957లో చేరాడు. 1966లో ఆ తాత్కాలిక విభాగం ఎత్తేస్తే కొన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాడు, మళ్ళీ తీసుకున్నారు. ఆ విరామాన్ని మన్నించి పాత సర్వీసును కలుపుతూ 1967లో ఉత్తర్వు వచ్చింది. నోటు నేనే రాశాను. మంచి నోటని సూపరింటెండెంటుగారు మెచ్చుకున్నారు కూడా. ఉత్తర్వు వెళ్ళిపోయింది. ఫైలు ముగించాను. సర్వీసు రిజిస్టరులో ఆ సంగతి ఎక్కించవలసి ఉంది. రేపు చేద్దామనుకున్నాను. ఆ రేపు రాలేదు, నాకు సీటు మారింది.

1981లో అదే ఆఫీసుకు నేను సూపరింటెండెంటుగా వచ్చాను. చేరిన పదోరోజున వరండా బల్లమీద ఒక ముసలాయన లేచి దండం పెట్టాడు. అరవై ఏళ్ళు నిండి రిటైరయ్యాడట. "పెన్షను కాగితం తేలలేదండి, మధ్యన సర్వీసు తెగిపోయిందంటున్నారండి" అన్నాడు. విరామం మన్నించినట్టు ఆధారం లేకపోతే 1957 నుంచి 1966 దాకా చేసిన కొలువు లెక్కలోకి రాదు. 24 ఏళ్ళకు బదులు 15 ఏళ్ళే. 1980 పెన్షను నిబంధనల్లో పూర్తి పెన్షనుకు 33 ఏళ్ళు కావాలి. అంటే 33లో 24 వంతులు రావలసినవాడికి 15 వంతులు వస్తాయి. అటెండరు జీతం మీద ఆ తేడా అంటే ఇంట్లో ఒక పూట పొయ్యి.

ఫైలు తెమ్మన్నాను. లేదు. పాత పి.ఆర్. వెతికించాను. నిబంధన ప్రకారం అదీ ఎప్పుడో పోవలసిందే. ఎవరి బద్ధకం పుణ్యమో మిగిలింది. పేజీ తిప్పితే నా చేతిరాత. ఎర్రసిరాతో, గుండ్రంగా, డి.డిస్. పదేళ్ళు కాగానే రికార్డు గదివాళ్ళు నిబంధన ప్రకారం తగలబెట్టారు. వారి తప్పు ఏమీ లేదు. ఉద్యోగి హక్కుకు సంబంధించిన కాగితం ఆర్.డిస్. కావాలని నేర్చుకోని పాతికేళ్ళ కుర్రాడిది తప్పు. చూడకుండా పొడి సంతకం చేసినాయన అప్పటికి గతించారు. నేను మాత్రం ఆయన కూర్చున్న కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.

పి.ఆర్. ఆఖరి గడిలో, 'ప్రతి డివిజను ఆఫీసుకు' అని ఉంది. వారికి రాశాం. నెలకు జవాబొచ్చింది, 'వెతికించగా లభ్యము కాలేదు' అని. ఆ వాక్యం ఎలా పుడుతుందో నాకు బాగా తెలుసు. నేనూ ఎన్నోసార్లు కుర్చీలోంచి లేవకుండా రాశాను. ఒక రోజు క్యాజువల్ లీవు పెట్టి బస్సెక్కి వెళ్ళాను. అక్కడి రికార్డు అసిస్టెంటు పొడుం పీల్చే మనిషి. విషయం అంతా విని, "ఇలాంటి ఉత్తర్వులు మా పాత హెడ్ గుమాస్తాగారు స్టాకు ఫైల్లో పెట్టించేవారండి, ఇంకోడికి ఇలాగే వస్తే నమూనా ఉంటుందని" అంటూ నిచ్చెనెక్కాడు. మధ్యాహ్నం మూడున్నరకు దొరికింది. నాలుగో కార్బను కాపీ. అంచులు పురుగు తిన్నా ప్రతి అక్షరం చదవడానికి వచ్చింది. అడుగున సరిచూసినవారి పొడి సంతకం, టైపిస్టు గుర్తు. అక్కయ్యగారి గుర్తు.

ఆ కాపీని ధ్రువీకరించి పంపితే ఆడిట్‌వారు ఒప్పుకున్నారు. మొత్తం మీద ఆయన రిటైరైన 14 నెలలకు పెన్షను ఖాయమైంది. ఆ మధ్యలో ఆయన ఇంటి దూడను అమ్ముకున్నాడని తర్వాత తెలిసింది.

ఈ కథ చెప్పడంలో కాస్త దారి తప్పాను. ఆ తర్వాత కాలం చాలా వాటిని మార్చింది. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారి అధ్యక్షతన అధికార భాషా సంఘం ఏర్పడ్డాక తెలుగు టైపు నేర్చినవారికి గిరాకీ పెరిగింది. మాలాంటివాళ్ళం 'చిత్తుప్రతి ఆమోదార్థం' అని రాయడానికి కలం తడబడేవాళ్ళం. లోయర్ డివిజన్ క్లర్కు జూనియర్ అసిస్టెంటు అయ్యాడు. పనిలో తేడా కనబడలేదు గాని, పెళ్ళి సంబంధాల్లో పనికొచ్చింది. 1984 జనవరిలో కరణం, మునసబుల కొలువులు రద్దయ్యాయి. ఆ మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. నేను దిగిపోయేనాటికి బల్లల మీద కంప్యూటర్లు చేరాయి. టైపిస్టుల మిషన్లు మెట్లకింద గోనెపట్టాలు కప్పుకున్నాయి. 2019 అక్టోబరు 2 నుంచి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో గ్రామ సచివాలయాలు తెరిచారు. సచివాలయం అంటే హైదరాబాదులో పాసు తీసుకొని లోపలికి పోయే చోటని తెలిసిన నాకు, మా ఊరి రావిచెట్టు ఎదుట ఆ బోర్డు చూస్తే మొదట నవ్వొచ్చింది. తర్వాత లైఫ్ సర్టిఫికెట్ గురించి ఆ పిల్లలు ఓపిగ్గా చెప్పాక నవ్వు తగ్గింది.

ఇక మన సంఘం కార్యదర్శి. జీతం లేని సెక్రటరీ ఈయనొక్కడే. మినిట్సు పుస్తకం, చందాల రశీదులు, డి.ఏ. బకాయిల మెమొరాండాలు, ఎవరైనా పోతే సంతాప తీర్మానం, ఇవన్నీ ఆయన నెత్తిన. పైగా వ్యాసాలు రాయనివాళ్ళ ఇళ్ళచుట్టూ తిరగడం. ఆయన మనవరాలికి జవాబు దొరికిందో లేదో గాని, మా తాతయ్య ఏం చేస్తాడో తెలిసిందని అంటే చాలు.

ఆ అటెండరు సంగతి పూర్తి చెయ్యాలి. పెన్షను ఉత్తర్వు తీసుకోవడానికి వచ్చినరోజు ఆయన్ని గదిలోకి పిలిచి కూర్చోమన్నాను. కూర్చోలేదు. పాత పి.ఆర్. తెరిచి, "ఇదిగో, ఈ గీత గీసింది నేనే, దీనివల్లే నీకింత ఆలస్యం" అని చూపించాను. ఆయనకు చదువు రాదు. ఎర్రసిరా కేసి కాసేపు చూసి, "అప్పుడు తమరు కుర్రోరు కదండీ" అన్నాడు. ఆ తర్వాత, బకాయిలు ఒకేసారి ఇస్తారా, నెలనెలా ఇస్తారా అని అడిగాడు. ఒకేసారి అని చెప్పాను.

ఆయన వెళ్ళాక సీటు గుమాస్తా ఆ పెన్షను ఫైలు ముగింపుకు తెచ్చాడు. ఏ గుర్తు వెయ్యమంటారు సార్ అన్నాడు. కలం నేనే తీసుకొని ఆర్.డిస్. అని రాసి, సర్వీసు రిజిస్టరు కూడా తెమ్మన్నాను.